ఇంట్లో కుక్కపిల్లను నాకే మల్లి వీధిలో తోటి కుక్కల మీద ఎందుకు పడుతోంది?

మీరు రాసినదాన్ని రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. చెన్నై పెరంబూరులో మూడో అంతస్తు ఫ్లాటు, నాలుగేళ్ల ఆడ లాబ్రడార్ మల్లి. ఐదు వారాల క్రితం, తొమ్మిది వారాల కుక్కపిల్లగా బుజ్జిగాడు వచ్చాడు. ఇంట్లో ఇద్దరికీ బాగానే పడుతోంది. మల్లి వాడి మొహం నాకుతుంది, తన పరుపు మీద పడుకోనిస్తుంది. బయటికి తీసుకువెళితే మాత్రం, బుజ్జిగాడు వెంట ఉన్నా లేకపోయినా, ఇన్నాళ్లూ తోక ఊపుతూ పలకరించిన కుక్కల మీదికే దూకుతోంది. టీకొట్టు దగ్గర పడుకునే వీధికుక్కతో మొదలైన ఈ వరస పోయిన వారం లిఫ్టు దగ్గర రెండో అంతస్తు వారి పొమేరియన్ చెవి చీలి కుట్లు పడేదాకా వచ్చింది. ఇది అసూయా, పిల్లను కాపాడుకోవడమా, అందరూ చెబుతున్నట్టు చోక్ చైన్ (లాగితే మెడకు బిగుసుకునే గొలుసు) వేయాలా, లేక పిల్లను ఎవరికైనా ఇచ్చేయాలా అని అడిగారు.

నేను పశువైద్యుణ్ణి కాను. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడి, ఇరవై ఆరేళ్లుగా పెంపుడు కుక్కలకు శిక్షణ ఇస్తూ బతుకుతున్నవాణ్ణి. ఇలాంటి ఫిర్యాదు మీద ఏటా కొన్ని ఇళ్లకైనా వెళుతుంటాను. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అసూయ అన్న మాట వినబడుతుంది. కుక్కకు అసూయ ఉండదని నేను అనను. కానీ అసూయపడిన కుక్క ఇంట్లో పిల్లను పీడించాలి గాని, దాని మొహం నాకి, వీధిలో ఏ పాపమూ ఎరుగని కుక్క చెవి కొరకడం పొసగదు. పిల్లను కాపాడుకుంటోందన్న దాంట్లో కొంత నిజం ఉండవచ్చు. అయితే వాడు పక్కన లేనప్పుడు కూడా ఇదే వరస అని మీరే రాశారు గనుక అదొక్కటే కారణమని సరిపెట్టుకోలేము. నా అంచనా వేరు. మల్లికి ఐదు వారాలుగా సరైన నిద్ర లేదు, సరైన నడక లేదు, ఇంట్లో దిగమింగుకున్న విసుగును వీధిలో కక్కుతోంది. అయితే ఆ అంచనా మీద పని మొదలుపెట్టే ముందు, ఒంట్లో జబ్బేదీ లేదని తేల్చుకోవాలి.

స్వభావం ఉన్నట్టుండి మారిన కుక్కను మొదట చూడవలసింది నాలాంటివాడు కాదు, పశువైద్యుడు. మీకు వేపేరి దూరమేమీ కాదు. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల అక్కడే ఉంది. నమ్మకమైన డాక్టరుగారు దగ్గరలో ఇంకెవరైనా ఉంటే వారి దగ్గరికే వెళ్లండి, కానీ కోపం ఎక్కువైందని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. లేచేటప్పుడు వెనక కాళ్లు తడబడుతున్నాయా, మెట్లు దిగడానికి వెనకాడుతోందా, చెవి దగ్గర చెయ్యి పెడితే తల విదిలిస్తోందా, నమిలేటప్పుడు ఒక పక్కనే నములుతోందా అన్నవి ముందే గమనించి చెప్పండి. లాబ్రడార్లలో తుంటి కీలు, మోచేతి కీలు నొప్పులు తరచుగా కనిపిస్తాయి. పద్నాలుగు వారాల పిల్ల పొద్దస్తమానం వీపు మీదికి ఎగబడుతుంటే లోపల అణిగి ఉన్న నొప్పి పైకి వస్తుంది. చెవి లోపల పుండు, పంటి నొప్పి, పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్, అరుదుగా థైరాయిడ్ లోపం కూడా కుక్కను చిరచిరలాడేలా చేస్తాయి. నొప్పి అని తేలినా, మన ఇంట్లో ఉండే మాత్ర సగం విరిచి వేయకండి. ఐబుప్రోఫెన్ లాంటివి కుక్క కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేస్తాయి.

మల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే, చివరిసారి ఎప్పుడు ఎదకు వచ్చిందో లెక్క చూడండి. ఎద ముగిసిన ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య కొన్ని ఆడకుక్కలకు కడుపు లేకపోయినా ఉన్నట్టే శరీరం నడుచుకుంటుంది: పొదుగు ఉబ్బుతుంది, ఒక్కోసారి పాలు కూడా దిగుతాయి, చెప్పులో బొమ్మో నోట కరుచుకుని మంచం కిందికి చేరుస్తుంది, దగ్గరికి వచ్చిన వారిని గుర్రుమంటుంది. అలాంటి సమయంలో ఇంటికి నిజంగానే ఒక పిల్ల వచ్చి, ఆ పొదుగు చీకడానికి ప్రయత్నిస్తే, ఆ స్థితి తొందరగా తగ్గదు. మల్లి పొట్ట కింద చేత్తో తడిమి చూడండి. పాలు కనిపిస్తే పిండకండి, పిండితే ఇంకా ఊరుతాయి. పాలు రప్పించే ప్రొలాక్టిన్ హార్మోనును తగ్గించే మందు ఉంది, దాన్ని డాక్టరు రాయాలి. ఆ స్థితిలో ఉండగానే ఆపరేషన్ చేయిస్తే ఆ లక్షణాలు పోకుండా నిలిచిపోయే అవకాశం ఉంది కాబట్టి, అది పూర్తిగా తగ్గాకే చేయించడం మంచిది.

మన ఊళ్లో రేబీస్ సంగతి కూడా చెప్పకుండా వదలలేను. మల్లికి ఏటేటా టీకా పడుతుంటే భయపడనవసరం లేదు. టీకా తప్పి, ఈ మధ్య వీధికుక్క కాటు కూడా పడి, మింగడానికి ఇబ్బంది, చొంగ, గొంతు మారడం లాంటివి కనిపిస్తే మాత్రం దాన్ని ముట్టుకోకుండా గదిలో ఉంచి వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఈ గొడవల్లో మీ ఇంట్లో ఎవరికైనా పన్ను గీరుకున్నా సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు పంపు నీటి కింద కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక నా అంచనా దగ్గరికి వస్తాను. పెద్ద కుక్కకు రోజుకు సుమారు 12 నుంచి 14 గంటల నిద్ర, కునుకు కలిపి, కావాలి. బుజ్జిగాడి వయసు పిల్లకు 18 గంటలు కూడా ఎక్కువ కాదు, కానీ పిల్ల పడుకునే వేళ, పెద్దది పడుకునే వేళ ఒకటి కావు. మూడేళ్ల క్రితం అణ్ణానగర్‌లో సరిగ్గా మీలాంటి ఇంటికి వెళ్లినప్పుడు, ఏమీ మాట్లాడకుండా రెండు గంటలు సోఫాలో కూర్చుని, పిల్ల పెద్దకుక్కను ఎన్నిసార్లు లేపిందో కాగితం మీద గీతలు పెట్టాను. పంతొమ్మిది గీతలు పడ్డాయి. లేచిన ప్రతిసారీ ఆ పెద్దకుక్క పిల్లను నాకింది, ఇంట్లోవాళ్లు ప్రతిసారీ ఎంత ప్రేమో చూడండి అన్నారు. దగ్గరగా చూస్తే అది ముద్దు కాదు. చెవులు వెనక్కి వేసుకుని, మొహం పక్కకు తిప్పుకుని, పిల్ల మూతి మీద రెండుసార్లు గబగబా నాకి, లేచి ఇంకో గదిలోకి పోయింది. ఇక చాలు, వదిలెయ్ అని కుక్క భాషలో మర్యాదగా చెప్పడమే అది. మీరు మురిసిపోతున్న ఆ నాకుడు ఏ రకమైనదో ఈ సాయంత్రం ఒకసారి చూడండి. నాకిన తరువాత మల్లి అక్కడే ఒళ్లు వదులుగా పడుకుంటే సంతోషమే. లేచి వెళ్లిపోతుంటే మాత్రం, ఇంట్లో బాగానే పడుతోందన్న మీ మాట సగమే నిజం.

నడక సంగతీ అంతే. పిల్ల రాకముందు పొద్దున నలభై నిమిషాలు, రాత్రి అరగంట నడిచేదని రాశారు. ఇప్పుడు బుజ్జిగాణ్ణి ఒంటికి రెంటికి దించడంతోనే సరిపోతోంది, మల్లిని పది నిమిషాల్లో తిప్పి తెచ్చేస్తున్నారు. మీ అత్తగారు బుజ్జిగాడికి పెరుగన్నం చేత్తో తినిపిస్తుంటే మల్లి గుమ్మంలో కూర్చుని చూస్తుంటుందని కూడా రాశారు. ఆవిడను నేను తప్పుపట్టను, పసిదాన్ని చేరదీయడం పెద్దవాళ్ల స్వభావం. కానీ మల్లి లెక్కలో చూడండి: నిద్ర పోయింది, నడక పోయింది, గిన్నె దగ్గర నిశ్చింత పోయింది, లిఫ్టు దిగేసరికి దాని ఓపిక అడుగంటి ఉంటోంది. అంతకుముందు టీకొట్టు కుక్క దగ్గరికి వస్తే ఓర్చుకున్నది, ఇప్పుడు ఓర్చుకోలేకపోతోంది. ఒకసారి మీద పడిన తరువాత ఆ కుక్క వెనక్కి తగ్గింది కదా, మీద పడితే దూరం దొరుకుతుందని మల్లికి తెలిసిపోయింది. దానికి తోడు మీరు భయపడి తాడు బిగించి పట్టుకుంటున్నారు. తాడు బిగిసిందంటే ఎదుటి కుక్క వస్తోందని అర్థం చేసుకుంటోంది.

మీద పడడం ఉన్నట్టుండి జరుగుతోందని రాశారు. లిఫ్టు తలుపు తెరుచుకునే ఆ రెండు మూడు క్షణాలు జ్ఞాపకం తెచ్చుకోండి. అప్పటిదాకా నాలుక బయటపెట్టి ఒగరుస్తున్న మల్లి నోరు టక్కున మూసుకుని ఉంటుంది. ఊపిరి బిగబట్టి ఉంటుంది. తోక ఆడటం మానకపోయినా నిటారుగా లేచి, కొస మాత్రమే సన్నగా కదిలి ఉంటుంది. బరువంతా ముందరి కాళ్ల మీదికి వచ్చి ఉంటుంది. వీపు మీద వెంట్రుకలు లేచేది ఆ తరువాత, గుర్రుమనేది ఇంకా తరువాత. నోరు మూతపడిన క్షణంలోనే మీరు తిరిగి నడవగలిగితే మిగతాది జరగదు.

ఆ గుర్రుమనడాన్ని కసరకండి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నా దగ్గర ఒక ఆడ డోబర్‌మాన్ ఉండేది. అది గుర్రుమన్న ప్రతిసారీ నేను గద్దించేవాణ్ణి, అప్పట్లో మాకు నేర్పింది అదే. ఆరు నెలల్లో గుర్రుమనడం మానేసింది, నేను గర్వపడ్డాను కూడా. ఒక రోజు ఇంకో కుక్క ఎదురైతే ఏ చప్పుడూ లేకుండా నేరుగా వెళ్లి కరిచింది, విడదీయడానికి మెడపట్టీ పట్టుకున్న నా చేతినీ వెనక్కి తిరిగి కరిచింది. ఎడమ అరచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తప్పు దానిది కాదు. హెచ్చరికను నోరు నొక్కి ఆపించింది నేను. కనుక కొట్లాట జరిగితే మెడ దగ్గర చెయ్యి పెట్టకండి. మధ్యలోకి కుర్చీయో అట్టముక్కో దోపండి, బకెట్టు నీళ్లు పోయండి, దుప్పటి కప్పండి. ఇద్దరు మనుషులుంటే చెరొక కుక్క వెనక కాళ్లు ఎత్తి ఒకేసారి వెనక్కి లాగవచ్చు, అది కూడా వేరే దారి లేనప్పుడే.

చోక్ చైన్ వద్దు. ఎదుటి కుక్క కనబడగానే మెడ బిగుసుకుని నొప్పి పుడితే, ఆ నొప్పిని మల్లి ఆ కుక్క ఖాతాలోనే వేస్తుంది. మీరు యజమాని అని చూపించాలి, లేకపోతే అది నాయకురాలైపోతుంది అని చెప్పేవారి మాట ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చెబుతాను. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు ఒకే ఆవరణలో బంధించి ఉంచిన తోడేళ్ల కొట్లాటలు చూసి రాసిన దాంట్లోంచి ఆ ఆలోచన పాకింది. దాన్ని అందరికీ తెలిసేలా చేసినవారిలో ఒకరైన డేవిడ్ మెక్, అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసిన తరువాత, ఆ గుంపులు నిజానికి తల్లీ తండ్రీ పిల్లలతో కూడిన కుటుంబాలేనని 1999లో తానే దిద్దుకున్నాడు. పావుశతాబ్దం దాటినా ఆ దిద్దుబాటు మన వీధి చివరి శిక్షకుల దాకా ఇంకా రాలేదు.

మొదటి రెండు వారాలు మల్లికి ఏమీ నేర్పవద్దు. మధ్యాహ్నం రెండు గంటలు, రాత్రి మొత్తం, పిల్ల చొరబడలేని గదిలో దాన్ని పడుకోనివ్వండి. గుమ్మానికి పిల్లలకు పెట్టే అడ్డుతలుపు లాంటిది పెడితే చాలు. బుజ్జిగాడికి బోను అలవాటు చేస్తే ఇంకా మంచిది. ఇద్దరి గిన్నెలూ వేరు గదుల్లో ఉండాలి, పెరుగన్నం ముద్దలు మల్లికి కూడా దాని గదిలో దొరకాలి. ఆ రెండు వారాలు కుక్కలు కనబడని వేళల్లోనే నడిపించండి. పొద్దున ఐదింటికి లేవడం కష్టమని తెలుసు, కానీ ఏప్రిల్, మే నెలల్లో చెన్నైలో ఏడు దాటితే ఎలాగూ కుక్కను నడిపించలేము. అరచేతిని రోడ్డు మీద ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదానికి కూడా అదే వేడి. లిఫ్టు మానేయండి, మూడంతస్తులే కదా, మెట్ల మలుపు దగ్గర ఆగి ముందు మీరు తొంగిచూసి దిగండి. తుంటి నొప్పి అని డాక్టరు చెబితే మాత్రం మెట్లు వద్దు. లిఫ్టు ఖాళీగా ఉందని ఇంట్లోవారు ఒకరు ముందు చూసి చెబితే అప్పుడు ఎక్కండి.

ఒకసారి రేగిన కుక్క ఒళ్లు చల్లబడడానికి ఇంటికి వచ్చి నీళ్లు తాగినంత సేపు చాలదు, గంటలు పడుతుంది, అందుకే పొద్దున గొడవ జరిగిన రోజు సాయంత్రం ఇంకా తేలిగ్గా మీద పడుతుంది. అలాంటి రోజు సాయంత్రం బయటి నడక మానేసి, ఇంట్లోనే తువ్వాల్లో దాని తిండి గింజలు చుట్టి వెతకమనండి. అరగంట వాసన పట్టుకుని వెతికిన కుక్క బాగా అలసిపోతుంది.

ఆ తరువాత అసలు పని మొదలవుతుంది. ఉడికించిన కోడి కార్జం శనగబద్దంత ముక్కలు చేసి నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకోండి. పార్కు గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, కుక్కలు కనబడుతున్నా మల్లి నోరు మూసుకోనంత దూరంలో నిలబడండి. అది యాభై అడుగులు కావచ్చు, నూట యాభై కావచ్చు, మల్లి చెప్పినదే లెక్క. కుక్క కనబడింది, మల్లి చూసింది, అప్పుడు ముక్క. కుక్క మరుగైంది, ముక్కలు బంద్. ఈ వరస తలకిందులు కాకూడదు. ముందు ముక్క చూపించి, ఆ తరువాత కుక్క వస్తే, కార్జం కనబడినప్పుడల్లా ఎవరో వస్తున్నారని అనుమానపడడం నేర్చుకుంటుంది. ఒక విడతకు ఐదారు నిమిషాలు చాలు. కొన్నాళ్లకు ఎదుటి కుక్కను చూసిన మల్లి తనంతట తానే తల తిప్పి మీ చేతి వైపు చూస్తుంది; అది వరసగా కొన్ని రోజులు కనబడ్డాకే దూరం నాలుగడుగులు తగ్గించాలి. వారానికి ఎంత దూరం తగ్గాలని నన్ను అడుగుతారు గాని, అలాంటి లెక్క ఏదీ లేదు. తొందరపడి ముందుకు వెళ్లిన ప్రతి ఇంటివారూ మళ్లీ మొదటికి రావడం చూశాను. తాడు ఆరడుగులు ఉండాలి, మెడకు కాక ఛాతీకి వేసే పట్టీకి తగిలించాలి, చేతిలో కొంచెం వదులుగా వేలాడాలి.

చెవి చీలేదాకా వచ్చింది కాబట్టి ఈ పని పూర్తయ్యేదాకా బయట మూతికి రక్షణ తప్పదు. దీన్ని అవమానంగా తీసుకోకండి. మన ఊళ్లల్లో ఎద్దు మూతికి చిక్కం కట్టేది దాని మీద కోపంతో కాదు కదా. బుట్టలా ఉండేది కొనండి, దాంట్లో నోరు తెరిచి ఒగర్చవచ్చు, నీళ్లు తాగవచ్చు, పక్కనుంచి కార్జం ముక్క కూడా అందించవచ్చు. నోటిని బిగించి కట్టే గుడ్డపట్టీని డాక్టరు బల్ల మీద రెండు నిమిషాలకు తప్ప వాడవద్దు, చెన్నై ఉక్కలో ఒగర్చలేని కుక్కకు వడదెబ్బ తగులుతుంది. మొదటి రోజే మూతికి తొడగకండి. బుట్ట అడుగున పెరుగు రాసి దానంతట అదే మూతి పెట్టేలా వారం పది రోజులు అలవాటు చేయండి.

బుజ్జిగాడి గురించి మీరు ఏమీ అడగలేదు గాని, నాకు వాడి గురించే ఎక్కువ బెంగ. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా చూసినవాటిని కుక్కపిల్ల లోకంలో మామూలు సంగతులుగా లెక్క వేసుకుంటుంది. వాడికి ఆ గడువు ఇప్పుడే ముగియబోతోంది. ఈ ఐదు వారాల్లో వాడు చూసినదల్లా, ఇంకో కుక్క కనబడితే పెద్దక్క రెచ్చిపోవడం. కాబట్టి ఇద్దర్నీ కలిపి బయటికి తీసుకువెళ్లడం నేటి నుంచే ఆపండి. పార్వో (పిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాల జబ్బు) వగైరా టీకాలు పదహారు వారాల వయసు దాకా మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పడాలి, అవి పూర్తయ్యేదాకా వాణ్ణి వీధిలో నేల మీద దించకండి, కానీ చంకన వేసుకుని టీకొట్టు దాకా, బస్‌స్టాపు దాకా రోజూ తిప్పండి. మూడు నెలలు దాటాయి గనుక రేబీస్ టీకా పడిందో లేదో కార్డు తీసి చూడండి.

టీకొట్టు దగ్గరి వీధికుక్కను పట్టించి పంపేస్తే సమస్య తీరుతుందని ఎవరో అన్నారని రాశారు. తీరదు. దాని చెవి కొసన కోసిన గుర్తు ఉందని మీరే రాశారు, అంటే ఆపరేషన్ అయిన కుక్క. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కను పట్టుకున్న చోటే తిరిగి వదలాలి. పైగా రెండేళ్లుగా మల్లిని ఎరిగిన, మర్యాద తెలిసిన కుక్క అది. రేపు పని మొదలుపెట్టినప్పుడు దూరం నుంచి చూపించడానికి అంతకంటే నెమ్మదైన కుక్క మీకు దొరకదు.

పిల్లను ఇచ్చేయాలా అన్న ప్రశ్నకు ఇప్పుడే అవుననీ కాదనీ చెప్పను. మల్లి ఇంట్లో బుజ్జిగాణ్ణి రక్తం వచ్చేలా కరిస్తే, లేదా వాడు గదిలోకి రాగానే బిగుసుకుపోయి నిలబడుతుంటే, వాణ్ణి చిన్నవాడిగా ఉండగానే మంచి ఇంటికి చేర్చడం ఇద్దరికీ మేలు. మీరు రాసినదాన్ని బట్టి అంతదాకా వచ్చినట్టు కనిపించడం లేదు. రెండు నెలలు ఇలా చేసినా దూరం ఏమాత్రం తగ్గకపోతే డాక్టరుగారిని మళ్లీ అడగండి, ఆందోళన తగ్గించే మందులు కుక్కలకూ ఉన్నాయి. అవి పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, శిక్షణతో పాటే వాడాలి.

రెండో అంతస్తు వారి దగ్గరికి ఈ ఆదివారమే వెళ్లండి, కుక్కలను తీసుకువెళ్లకుండా. కుట్లకైన ఖర్చు వారు అడగకముందే చేతిలో పెట్టండి, మల్లి టీకా కార్డు చూపించండి. మీరు ఏ వేళకు కిందికి దిగుతారో, వారు ఏ వేళకు దిగుతారో చెప్పుకుని, ఆ కాగితాన్ని లిఫ్టు పక్క గోడకు అంటించండి. వాచ్‌మన్‌కు కూడా ఒక మాట చెప్పి ఉంచండి.